పక్క సీటు పుస్తకం

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాటల్ని పొదుపుగా వాడుకున్నాం. ఆపరేషన్ అయ్యేదాకా గొంతుకి శ్రమ ఇవ్వొద్దని, అవసరమైతే తప్ప నోరు విప్పొద్దని డాక్టరు మా ఆయనకి చెప్పాడు. పక్కన కూర్చున్న పాపానికి నేను కూడా నోరు మూసుకున్నాను. ఇంట్లో ఒకరు మాట్లాడకపోతే రెండో మనిషికి మాట్లాడాలనిపించదని నాకు అప్పుడే తెలిసింది.

ఆపరేషన్ అంటే చిన్నదేం కాదు. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి ఆడుతుంది, మాట మాత్రం రాదు. కొన్నాళ్ళకి మెడకి ఆనించి మాట్లాడే పరికరం ఒకటి ఇస్తారట, అది అందరికీ పట్టుబడదట. డాక్టరు ఇదంతా చాలా మర్యాదగా, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. మా ఆయన ఆ బొమ్మనే చూస్తూ, "మళ్ళీ బండెక్కొచ్చా?" అని ఒక్కటే అడిగారు. శుభ్రంగా ఎక్కొచ్చు, నడుపుకోవచ్చు కూడా అన్నాడు డాక్టరు.

"నడపడం కాదండీ. నేర్పడం."

డాక్టరు కలానికి మూత పెట్టాడు.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. అందరూ మాస్టారు అంటారు. ఆ స్కూల్లో నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు కానీ, భయపడేవాళ్ళంతా ఈయన వాటాకే వస్తారు. ఒకసారి ఎక్కడో గుద్దేసి మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనివాళ్ళు, మొగుడు నేర్పబోయి నానా మాటలూ అని నడిరోడ్డు మీద దింపేస్తే ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళు, హారన్ వినపడితే కళ్ళు మూసుకునేవాళ్ళు. వాళ్ళకి ఈయన చేసేదేమీ లేదు. పక్క సీట్లో కూర్చుని మాట్లాడుతూ ఉంటారు. "కంగారేం లేదండీ, బండి మనల్ని వదిలి ఎక్కడికీ పోదు. క్లచ్ మీద కాలు పెట్టండి. అంతే, ఇంకేం చెయ్యొద్దు." అదే మాట, అదే గొంతు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆయన కాళ్ళ కింద ఇంకో బ్రేకు ఉంటుంది గానీ, దాన్ని తొక్కాల్సి వస్తే ఆ రోజు అన్నం సరిగ్గా తినరు.

నాకు మాత్రం బండి రాదు. డ్రైవింగ్ మాస్టారి పెళ్ళానికి డ్రైవింగ్ రాదా అని జనం నవ్వుతారు. నవ్వనీ. దర్జీ ఇంట్లో అందరూ చొక్కాలు కుడుతున్నారా? నాకు భయం, అంతే. ఊరందరికీ భయం పోగొట్టిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, నా భయాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నాను.

నా పని ఇంట్లోనే. రచయితలు రాసిన దాన్ని ఈ-పుస్తకంగా తయారు చేస్తాను. ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉంది, దాని యజమాని ఫైళ్ళు పంపిస్తాడు. ఎక్కడ కామా కనిపించకపోయినా నిద్రపోడు కనక ఆయన్ని కామా గారు అంటాను, ఎదురుగా కాదనుకోండి. రచయితలు ఫైలు పంపే తీరు చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది. పేజీ మారాలంటే ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోతారు. వరస కుదరాలంటే ఖాళీలు పోస్తారు. అవన్నీ ఏరి పారేసి, అధ్యాయాలు విడగొట్టి, విషయసూచికలో ఏది నొక్కితే అది తెరుచుకునేలా లింకులు కట్టి, చిన్న ఫోనులోనూ పెద్ద స్క్రీనులోనూ ఒకేలా కుదురుగా కనిపించేలా చేయాలి. బాగా చేస్తే ఎవరికీ కనిపించని పని ఇది. తప్పు చేస్తేనే కనిపిస్తుంది.

చివరి ఫైలు తయారయ్యాక మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ఆయన స్కూలు నుంచి వచ్చి, టీ తాగి, పుస్తకాన్ని పైకి చదివేవారు. నేను వింటూ స్క్రీను మీద వెంట వెళ్ళేదాన్ని. కంటికి దొరకని తప్పులు చెవికి దొరుకుతాయి. కవిత్వమైనా, షుగరు వ్యాధి మీద పుస్తకమైనా ఆయన ఒకేలా చదివేవారు, పక్కన భయపడే మనిషి కూర్చున్నట్టు. ఆ ఎండాకాలం ఆ చదువు ఆగిపోయింది. ఫోనులో మిషను గొంతు పెట్టి వినడం మొదలుపెట్టాను. ఆడగొంతు. తప్పులు పట్టడానికి అదీ పనికొస్తుంది. కానీ మొదటి సాయంత్రం అది చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చి, వచ్చి మళ్ళీ పని చేసుకున్నాను.

స్కూలు ఓనరు ఇంటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మాస్టారు నా దగ్గరే ఉండాలి, ఆపరేషన్ అయ్యాక ఆఫీసులో కూర్చుంటారు, కుర్చీ, ఫ్యాను, హాజరు చూసుకోవడం, అంతేనన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపారు. ఓనరు నా వైపు తిరిగి, నోరు లేని మనిషిని పక్క సీట్లో ఎలా కూర్చోబెడతానమ్మా, భయపడేవాళ్ళు ఇంకా బెదిరిపోరూ అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఓనరు వెళ్ళాక నేనూ అదే పాట పాడాను. ఇన్నేళ్ళూ ఎండలో తిరిగింది చాలు, ఇంట్లో ఉండండి అన్నాను. మా ఆయన నా మొహం వంక చూసి, లేచి వెళ్ళి నా పాత లాప్‌టాప్ తెచ్చుకున్నారు.

అలా మొదలైంది పుస్తకం. భయపడేవాళ్ళకి డ్రైవింగ్ నేర్పడం ఎలా అన్నది విషయం. ఒంటి వేలితో, ధాన్యంలో రాళ్ళేరుతున్నట్టు ఒక్కో అక్షరం వెతికి కొట్టేవారు. పోన్లే, కాలక్షేపం అనుకున్నాను. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచి చదివాను. చదివి కూర్చుండిపోయాను. కాలు వణికే మనిషికి ముందు చెప్పులు విప్పించాలట, అరికాలికి పెడలు తెలియాలట. రోడ్డు చూపించే ముందు, ఆగిన బండిలో కూర్చోబెట్టి ఊరికే కబుర్లు చెప్పాలట. నా చేతుల మీదుగా ఎన్ని పుస్తకాలు వెళ్ళాయో, ఇంత తిన్నగా మాట్లాడే పుస్తకం చూడలేదు. అడక్కుండానే మొదటి అధ్యాయాలు కామా గారికి పంపించాను. ఆయన సాయంత్రానికే ఫోను చేశాడు. వానలు మొదలయ్యే లోపు ఫైలు ఇస్తే ఈ సీజను పుస్తకాల్లో వేసేస్తానన్నాడు. ఆపరేషన్ కూడా అప్పుడే.

ఆపరేషన్ సంగతి విని మా ఆడపడుచు దిగింది. ఆవిడ ఒక చోట ఉంటే అక్కడ నిశ్శబ్దం ఉండదు. చాటుగా రేడియో అంటాం, ఎదురుగా కూడా అంటాం. అన్నయ్య గొంతు ఉండగానే ఫోనులో రికార్డు చేసి పెట్టుకుందామని ఆవిడ పట్టు. అప్పటికే ఆ గొంతు ఎంత పాడైపోయిందంటే, ఆయన పిలిస్తే వీధి గేటు లాగిన చప్పుడనుకుని బయటికి వెళ్ళి చూసిన రోజులున్నాయి.

"ఈ గరగర వింటే ఎవడికి ధైర్యం వస్తుందే?" అన్నారు ఆయన. "ఇది దాచొద్దు."

ఆవిడ ఊరుకుంటుందా? టైపు చేస్తే పైకి మాట్లాడే యాప్ ఏదో ఎక్కించింది. అన్నయ్యా, ఇందులో కొట్టు, అదే చెప్పేస్తుంది అంది. ఆయన వేలు పెట్టి 'ఆగండి' అని కొట్టడం పూర్తిచేసేసరికి నేను టీ గిన్నె దింపి, వడగట్టి, గ్లాసుల్లో పోశాను. ఈపాటికి బండి గోడెక్కి ఉంటుందన్నాను. ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వుతూనే ఆ ఫోను వంక చాలాసేపు చూశారు.

ఆ తర్వాత నుంచి పుస్తకం దారి తప్పింది. మొదటి సగం చక్కగా ఉండేది. రెండో సగంలో ఆయన ఏం చేస్తున్నారో అర్థం కాలేదు. పేజీకి ఒక్క మాట. 'ఆగండి' అని ఒక పేజీ. 'ఇప్పుడు బ్రేకు వదిలేసి నెమ్మదిగా పోనివ్వండి' అని ఇంకోటి. 'బాగుంది' అని ఒకటి. 'ఏం పర్లేదు, అందరికీ ఆగిపోతుంది, మళ్ళీ స్టార్ట్ చేయండి' అని ఒకటి. ప్రతి దానికీ పెద్ద హెడింగు, ప్రతిదీ విషయసూచికలో ఉండాలట. సూచిక పాకుతూ పాకుతూ ఒక అధ్యాయమంత అయింది. పుస్తకమంటే ఇలా ఉండదండీ అన్నాను. ఆయన తల ఊపారు, ఏదో ఒప్పుకున్నట్టు. నేను కూర్చుని ఆ ముక్కలన్నీ ఒక అధ్యాయంలో కుదించి, వరసగా సర్ది, ముచ్చటగా చేశాను. మర్నాడు తెరిచి చూస్తే మళ్ళీ ముక్కలు. మళ్ళీ కలిపాను. మళ్ళీ విడగొట్టారు. నోరు విప్పకుండా ఇంత మొండితనం చేయొచ్చని ఆ మనిషిని చూసే నేర్చుకోవాలి.

నా పరిస్థితి కూడా చెప్పాలి. పొద్దున ఆసుపత్రి, పరీక్షలు, వరసలో నిలబడటం. మధ్యాహ్నం వేరేవాళ్ళ పుస్తకాలు, అవి ఆపితే ఇల్లు గడవదు. సాయంత్రం ఈ పుస్తకం. మెడ ఒక పక్కకి తిప్పితే ఇంకో పక్కకి వచ్చేది కాదు. కళ్ళు మూసుకుంటే లోపల కూడా ఖాళీలు, పేరాలు, హెడింగులు కనపడేవి. ఆడపడుచు వంట చేసిపెట్టి, వదినా నువ్వు చిక్కిపోతున్నావు అని రోజుకోసారి ప్రకటించేది. ఆ మాటకైనా జవాబు చెప్పే ఓపిక ఉండేది కాదు.

ఇక లాభం లేదని ఆయన పెట్టినట్టే ఒకసారి కామా గారికి పంపాను. ఫైలు తిరుగు టపాలో వచ్చేసింది. మేడం, మీ చేతి పని ఇలా ఉండదే, పొరపాటున వేరే ఫైలు పంపారా అని అడిగాడు. ఒక్క మాటకి ఒక పేజీ ఏంటండీ, చదివేవాళ్ళు మనల్ని తిడతారు, ఆ రెండో సగం తీసేయండి, లేదా అధ్యాయంగా మార్చండి, లేకపోతే నేను వేయలేను అన్నాడు. అవమానంగా అనిపించింది. ఇన్నేళ్ళలో ఆయన నా ఫైలు తిప్పి పంపడం అదే మొదలు.

ఆ సాయంత్రం మా ఆయన మీద విరుచుకుపడ్డాను. పని నాది, పేరు నాది, మీ చాదస్తానికి రెండూ పోతున్నాయన్నాను. ఆ పేజీలు ఎవరు చదువుతారండీ, 'ఆగండి' అన్న పేజీ కొనుక్కుని చదివే పిచ్చివాడు ఎక్కడున్నాడు చెప్పండి అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు. మాట్లాడొద్దని డాక్టరు చెప్పిన సంగతి గుర్తొచ్చి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"చదవడానికి కాదు," అన్నారు. "రేపు పొద్దున చూపిస్తా. నువ్వు బండెక్కాలి."

నేనెక్కనన్నాను. పొద్దున్నే ఎక్కాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి.

స్కూలు వాళ్ళ ప్రాక్టీసు మైదానం ఊరికి పెడగా ఉంటుంది. ఎండ ఇంకా ఎక్కలేదు. మట్టిలో టైర్ల గుర్తులు, ఒక పక్కన వరసగా పాత టైర్లు పాతి ఉన్నాయి. ఆయన నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, పక్క సీట్లో ఎక్కి, ఫోనుని మా ఇద్దరి మధ్య స్టాండులో బిగించారు. ఏం చేయాలండీ అని అడిగాను. ఫోనులో పుస్తకం తెరిచి ఉంది. సూచికలో ఒక చోట వేలు ఆనించారు.

"చెప్పులు విప్పేయండి," అంది ఫోనులో ఆడగొంతు. "సీటు ముందుకు జరుపుకోండి. కాళ్ళు అందాలి."

చెప్పులు విప్పాను. సీటు జరుపుకున్నాను. ఆయన ఇంకో చోట నొక్కారు. "కంగారేం లేదండీ, బండి మనల్ని వదిలి ఎక్కడికీ పోదు."

అప్పుడు అర్థమైంది. ఈ మనిషి పుస్తకం రాయడం ఎప్పుడో మానేశారు. తనకి ఒక కొత్త నోరు తయారుచేసుకుంటున్నారు. టైపు చేసే తీరిక ఉండదు కాబట్టి, పక్క సీట్లో ఇన్నేళ్ళుగా అంటున్న ప్రతి మాటనీ ఒక్క వేలికి అందేలా అమర్చి పెట్టుకుంటున్నారు. నేనేమో పుస్తకం అందంగా లేదని అవన్నీ రోజూ కుదించి పారేస్తున్నాను. స్టీరింగ్ పట్టుకుని కూర్చుని ఆయన వంక చూడలేకపోయాను. ముందే ఒక మాట చెప్పొచ్చు కదా అన్నాను. పని చేస్తుందో లేదో తెలీదు కదా అన్నట్టు భుజాలెగరేశారు.

బండి కదిలింది. నేను కదిలించాను. నమ్ముతారో లేదో, క్లచ్ నెమ్మదిగా వదలమంటే వదిలాను, ఇంకాస్త అంటే ఇంకాస్త. మైదానంలో ఒక చుట్టు తిరిగాను. ఆ మిషను గొంతుకి ఏ భావమూ లేదు కానీ, మాటలు ఆయనవి. ఆ మాటల్ని నా చెవి గుర్తుపట్టింది, కాళ్ళు చెప్పినట్టు విన్నాయి. టైర్ల వరస దగ్గరికి వస్తుంటే ఆయన 'ఆగండి' మీద వేలేశారు.

"ఆగండి," అంది ఫోను. నేను క్లచ్చూ బ్రేకూ తొక్కాను. బండి ఆగింది. గర్వంగా ఆయన వైపు తిరిగాను. ఈలోగా ఫోను ఊరుకోకుండా తర్వాతి పేజీలోకి వెళ్ళిపోయింది. "ఇప్పుడు బ్రేకు వదిలేసి నెమ్మదిగా పోనివ్వండి."

చెప్పినట్టు వినే మనిషిని కదా, పోనిచ్చాను.

ఆయన తన కాళ్ళ కింది బ్రేకు తొక్కకపోతే ఆ టైర్ల వరసలో మేమూ ఒక టైరై ఉండేవాళ్ళం. ఆయన మొహం చూశాను. భయపడ్డది బండి గురించి కాదు. ఫోను వంకే చూస్తున్నారు, కట్టుకున్న గోడ కళ్ళముందే పడిపోయినట్టు. ఇక్కడ నేను కాక వేరే ఎవరైనా, అది కూడా రోడ్డు మీద అయితే ఏమయ్యేదో ఆయనకి కనిపిస్తోంది. స్టాండులోంచి ఫోను తీసి జేబులో పెట్టేసుకోబోయారు.

నేను లాక్కున్నాను. "ఇది మీ తప్పు కాదండీ, పుస్తకం తప్పు. పుస్తకం తప్పులు దిద్దడం నా పని."

ఒక పేజీ అయిపోతే తర్వాతి పేజీలోకి పోవడం ఈ-పుస్తకం స్వభావం. ఇంకోసారి నొక్కితే ఆగుతుంది గానీ, బండిలో ప్రతిసారీ నొక్కే తీరిక ఉండదు. ఆ స్వభావం మార్చడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది వరస. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చినా ప్రమాదం లేకుండా అమర్చాలి. 'ఆగండి' తర్వాత 'అలాగే ఉండండి' రావాలి. దాని తర్వాత 'ఊపిరి పీల్చుకోండి'. 'ఎడమకి తిప్పండి' పక్కన 'కుడికి' రాకూడదు, 'చాలు, తిన్నగా' రావాలి. మామూలుగా పుస్తకానికి మెరుగులు దిద్దడమంటే కామాలూ ఖాళీలూ. ఇక్కడ ప్రతి రెండు పేజీల మధ్యా ఒక మనిషి స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడని ఊహించుకుని దిద్దాను. నా జీవితంలో అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పని ఇంకోటి లేదు. ఆడపడుచుని కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెం చేతికిచ్చి, ఫోను చెప్పినట్టు చేయమన్నాను. ఆవిడ మహా ఉత్సాహంగా పళ్ళెం తిప్పుతూ నోటితో హారన్లు కొట్టింది. ఆ వారాల్లో ఇంట్లో ఏదైనా సంబరం ఉందంటే అదొక్కటే.

కామా గారికి ఫోను చేశాను. రెండో సగానికి 'పక్క సీటు మాటలు' అని పేరు పెట్టి వెనక భాగంగా ఉంచుతున్నాను, ఒక్క పేజీ తీసేది లేదన్నాను. వేస్తే ఇలాగే వేయండి, లేకపోతే వద్దు అన్నాను. సంగతంతా చెప్పాను. సరే మేడం, కామాలు మాత్రం ఒకసారి చూసుకోండి అన్నాడు.

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం, పంపేముందు ఆఖరిసారి మొత్తం విన్నాను. ఆయన లోపల గదిలో సంచి సర్దుకుంటున్నారు. మిషను గొంతు వరసగా చదువుకుంటూ పోతోంది. రివర్సు మాటల దగ్గరికి వచ్చింది. "నెమ్మదిగా వెనక్కి. ఇంకా. ఇంకొంచెం. చాలు." నేను సగం నిద్రలో ఉన్నాను. తర్వాత పేజీ చదివింది.

"అలిసిపోయావు. ఆ కంప్యూటర్ కట్టేసి కాసేపు పడుకో."

నిద్ర ఎగిరిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ విన్నాను. అదే. ఆయన తన దగ్గర నేర్చుకునేవాళ్ళెవరినీ నువ్వు అనరు, స్కూలు పిల్లల్లాంటి వాళ్ళని కూడా. వాళ్ళెవరి కంప్యూటర్‌తోనూ ఆయనకి పని లేదు. నేను పొద్దున వరస సర్దేశాక, నేను వంటింట్లో ఉన్నప్పుడు, ఆ రెండు పేజీల మధ్య దూర్చినట్టున్నారు. దాని తర్వాతి పేజీ అద్దం గురించి. నా నియమం ప్రకారం పరీక్షించి చూశాను. ప్రమాదమేం లేదు.

వృత్తి తెలిసినదాన్ని. అది ఆ పుస్తకంలో ఉండకూడదని తెలుసు. కామా గారు చూస్తే ఇదేంటి మేడం అంటాడనీ తెలుసు. లోపలి గదిలోకి చూశాను. ఆయన తువ్వాలు మడత పెడుతున్నారు, గొంతులో ఏదో కూనిరాగం లాంటి గరగర. దాన్ని విన్నాను, ఆగిపోయేదాకా విన్నాను. ఆ తర్వాత ఫైలు అలాగే పంపించేశాను.

ఆపరేషన్ గురించి చెప్పేదేం లేదు. అయింది. మెడకి కట్టు, మంచం పక్కన పలక. వానలు వచ్చాయి, ఇంటికి వచ్చాం, ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే ఫ్రిజ్ ఆగినప్పుడల్లా ఇద్దరం తలెత్తి చూసుకునేవాళ్ళం. ఆయన లేచి తిరుగుతున్నారన్న మాటే గానీ, మనసు బాగుండేది కాదు. అద్దం ముందు నిలబడి పెదాలు కదిపి చూసుకోవడం నేను చూశాను. చూడనట్టు వచ్చేశాను. ఫోను ముట్టుకునేవారే కాదు. కామా గారు పుస్తకం బయటికొచ్చిందని సందేశం పెడితే, చూపించాను. తల ఊపి తిరిగిచ్చేశారు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున ఆయనే షర్టు ఇస్త్రీ చేసుకుని, మెడ చుట్టూ పల్చటి గుడ్డ కట్టుకుని బయల్దేరారు. ఓనరు ఒప్పుకోలేదట, కాదని పంపెయ్యనూ లేకపోయాడట. చివరికి, హారన్ వింటే కళ్ళు మూసుకునే బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ ఉంటే ఆవిడని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడట. ఈయన పక్క సీట్లో. మార్కెట్ రోడ్డు మీదుగా వెళ్ళి వచ్చారట. దారిలో బండి ఆగిపోయి, వెనక అందరూ హారన్లు కొడుతుంటే, ఆవిడ స్టీరింగ్ వదిలేసి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుందట. ఫోను "ఏం పర్లేదు, అందరికీ ఆగిపోతుంది, మళ్ళీ స్టార్ట్ చేయండి" అందట. ఆవిడ స్టార్ట్ చేసిందట. ఇదంతా ఓనరే నాకు ఫోను చేసి చెప్పాడు. రేపట్నుంచి పొద్దున బ్యాచ్ మాస్టారిదే అన్నాడు. థాంక్సండీ అని ఫోను పెట్టేశాను. వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

కూర్చున్నదాన్ని అలాగే పనిలో పడ్డాను. ఎవరిదో నవల, పేజీలన్నీ ఖాళీలు పోసి పంపారు. ఆయన ఇంటికొచ్చి ఆ బ్యాచ్ సంగతి నాకు ఎలా చెబుతారో, పలక మీద రాస్తారో, సైగ చేస్తారో అనుకుంటూ ఖాళీలు ఏరుతున్నాను. మెడ నొప్పి. నిజం చెప్పాలంటే నాకు ఆ గొంతు కావాలి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ 'ఏమోయ్' అనే ఆ మాట కావాలి. అది ఇక రాదు. ఆయనకి బండి మళ్ళీ దొరికింది, అది రాదు. తలుపు చప్పుడు కూడా వినలేదు నేను.

"అలిసిపోయావు," అంది వెనక ఆడగొంతు. "ఆ కంప్యూటర్ కట్టేసి కాసేపు పడుకో."

నా వేళ్ళు ఆగిపోయాయి. అక్కడితో ఆపాలంటే ఆయన ఇంకోసారి నొక్కాలి. నొక్కలేదు. ఫోను తన స్వభావం ప్రకారం తర్వాతి పేజీలోకి వెళ్ళింది.

"అద్దం చూసుకోండి. వెనక ఎవరున్నారో చూడండి."

తిరిగి చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, షర్టు చెమటతో తడిసిపోయి, ఫోను చేత్తో పట్టుకుని. కంప్యూటర్ కట్టేసి లేచాను.